బీతోవెన్ గారి సంతానం

కుక్క సినిమాకు రెండో భాగం తీయాలంటే కథ అక్కర్లేదు, పిల్లలుంటే చాలు. ఈ కిటుకును హాలీవుడ్ 1993లోనే పట్టేసింది. అంతకు ముందు ఏడాది వచ్చిన ‘బీతోవెన్’లో ఒక సెయింట్ బెర్నార్డ్ కుక్క ఒక సంసారంలో దూరి, ఇల్లంతా చొంగ కార్చి, బురద కాళ్ళతో పరుపులెక్కి, చివరికి కుక్కంటే గిట్టని ఇంటాయన మనసు కరిగించింది. డబ్బులు బాగా రాలాయి. ఇంకేం, ‘బీతోవెన్స్ సెకండ్’లో దానికి మిస్సీ అనే సంబంధం చూశారు. మిస్సీ యజమానులు విడాకుల గొడవలో ఉన్నారు. మొగుడి దగ్గర సొమ్ము గుంజడానికి భార్య కుక్కను అట్టిపెట్టుకుంది. ఈ సందడిలోనే నాలుగు పిల్లలు పుట్టాయి. వాటికి చైకోవ్‌స్కీ, చబ్బీ, డాలీ, మో అని నామకరణం జరిగింది. ఆఖర్లో దుర్మార్గురాలు బురదలో పడింది. సకుటుంబంగా చూడదగ్గ చిత్రం. అమ్మమ్మ పక్కన కూర్చున్నా ఛానెల్ మార్చాల్సిన పని పడదు.

ఆ తర్వాత వాళ్ళను ఆపినవాడు లేడు. 2000లో మూడోది, 2001లో నాలుగోది, 2003లో ఐదోది, 2008, 2011, 2014లలో మరో మూడు. వెండితెర మీంచి క్యాసెట్‌లోకీ, క్యాసెట్ నుంచి డీవీడీలోకీ దిగారే గానీ కుక్కను మాత్రం వదల్లేదు. మొత్తం ఎనిమిది. వ్యాసుడంతటివాడు పద్ధెనిమిది పర్వాలతో సరిపెట్టుకున్నాడు. వీళ్ళు ఇంకో తరం ఆగితే దాటేసేలా ఉన్నారు.

మొదటి భాగంలో విలన్ ఎవరో గుర్తుందా? పశువైద్యుడు. కొత్త రకం తూటాలను పరీక్షించడానికి పెద్ద తలకాయ ఉన్న కుక్క కావాలని తిరుగుతుంటాడు. ఈ ఒక్క ముక్క చాలు, ఆ సినిమాను తిరుపతి పొలిమేర దాటనివ్వకపోవడానికి. 1955 నుంచి పశువైద్య కళాశాల ఉన్న ఊరు ఇది. 2005లో అది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం చెట్టు కిందికి వచ్చింది. ఇక్కడ పశువుల డాక్టరు విలన్ కాడు. సినిమా చూసి కొన్న కుక్కకు మే నెలలో ఒళ్ళు కాలిపోతుంటే, నాలుక గజం పొడుగు వేలాడేస్తుంటే, ఆటోలో వేసుకొచ్చి ఆయన బల్ల మీదే పడుకోబెడతారు. నిజంగా ఈ కథలో హీరో వేషం ఎవరికైనా ఇవ్వాలంటే ఆ తడిగుడ్డ కప్పేవాడికి ఇవ్వాలి.

అసలు కుక్క సినిమా అమ్మేది టికెట్లు అనుకుంటాం. కాదు, కుక్కపిల్లల్ని. నా అక్కసు అనుకుంటారేమో, 2014లో కొందరు పరిశోధకులు లెక్క తీసి ‘ప్లాస్ వన్’ పత్రికలో పెట్టారు. అమెరికాలో వచ్చిన 87 కుక్క సినిమాలను ముందేసుకుని, అమెరికన్ కెన్నెల్ క్లబ్ రిజిస్టర్లతో పోల్చి చూశారు. సినిమాలో మెరిసిన జాతికి గిరాకీ పెరగడం, ఆ ఊపు కొన్ని జాతుల విషయంలో పదేళ్ళ దాకా సాగడం కనిపించింది. పదేళ్ళు! మన దగ్గర పదేళ్ళ పాటు గుర్తుండే సినిమా ఎన్నేళ్ళకొకటి వస్తుంది?

మనకు అంత పొడుగు సినిమా కూడా అక్కర్లేదు. 2003లో ఒక ఫోను కంపెనీ ప్రకటనలో ముక్కు లోపలికి నొక్కుకుపోయిన చిన్న కుక్క ఒక పిల్లాడి వెనకాలే నడిచింది. అంతే, దేశమంతా పగ్‌ల పంట. దాని జాతి పేరు ఎవడికీ తెలీదు. ‘హచ్ కుక్క’ అన్నారు, ఇప్పటికీ అదే అంటున్నారు. కంపెనీ పేరు మారింది, ఆ కంపెనీని కొన్నవాళ్ళ పేరూ మారింది, కుక్క మాత్రం హచ్ కుక్కగానే మిగిలి, ఊపిరాడక గురక పెడుతూ బతుకుతోంది. ఆ గురకను చూసి ‘ఎంత ముద్దుగా ఉందో’ అని ఫోన్లో వీడియో తీస్తారు. మనింట్లో ముసలాయన అట్లా గురక పెడితే డాక్టరు దగ్గరికి తీసుకుపోతాం.

ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఇంకో వైభోగం ఉంది. ఒక పక్క వేలూరు, ఇంకో పక్క కోలారు. అరవ కుక్క, కన్నడ కుక్క, తెలుగు డబ్బింగ్ కుక్క, మూడూ మా మీదే వచ్చి వాలతాయి. 2022ను శునకనామ సంవత్సరం అని ప్రకటించి ఉండాల్సింది. జనవరిలో తమిళంలో ‘నాయ్ శేఖర్’ వచ్చింది. ఏప్రిల్‌లో ‘ఓ మై డాగ్’, చూపు లేని హస్కీ పిల్ల కథ, తమిళంతో పాటు తెలుగులోనూ ఫోన్లలోకి దిగింది. జూన్ 10న కన్నడ ‘777 చార్లీ’ ఐదు భాషల్లో థియేటర్లకెక్కింది. అప్పటి కర్ణాటక ముఖ్యమంత్రి బొమ్మై కెమెరాల ముందే కళ్ళు తుడుచుకున్నారు. డిసెంబరులో వడివేలు ‘నాయ్ శేఖర్ రిటర్న్స్’తో దిగాడు. చూసినవాళ్ళు దీన్ని జనవరి సినిమాకు రెండో భాగం అనుకున్నారు, కానే కాదు. ఆ పేరు వేరేవాళ్ళు ముందే రాయించుకున్నారు గనక ఈయన తోక తగిలించుకోవాల్సి వచ్చింది. ఎక్కడికీ పోకుండానే తిరిగొచ్చిన మొదటి శేఖర్ ఇతనే. సీక్వెల్ వ్యాపారం ఎంత ముదిరిందంటే, మొదటి భాగం లేకపోయినా రెండోది నడిచిపోతుంది.

ఇందులో ‘చార్లీ’ని మిగతా వాటితో కలిపి తిట్టలేను. మనసున్న సినిమా అది. కుక్కల్ని యంత్రాల్లా ఈనించే దుర్మార్గపు పెంపకందారు దగ్గర్నుంచి తప్పించుకున్న లాబ్రడార్ కథ. దగ్గరి రక్తంలోనే జతలు కట్టించి పిల్లల్ని తీస్తే ఏ రోగాలు వస్తాయో మొహమాటం లేకుండా చూపించింది. కథానాయకుడి పేరు ధర్మ, కుక్కను తీసుకుని మంచుకొండల దాకా పోతాడు. ఈ పోలిక మన భారతంలోంచే వచ్చిందని చెప్పనక్కర్లేదు కదా. ఇంత చెప్పిన సినిమా చూసి బయటికొచ్చి, ముక్కు చీదుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, మనవాళ్ళు చేసిందేమిటి? లాబ్ పిల్ల రేటు కనుక్కున్నారు. పొగాకు హానికరం అన్న ప్రకటన చూశాక బయట బడ్డీ కొట్టు దగ్గర కిటకిటలాడే జాతి మనది, చార్లీ మాత్రం ఏం చేస్తుంది పాపం.

తిరుపతిలో ఒక పెంపుడు జంతువుల అంగడి. అద్దాల వెనక కాగితం ముక్కల మీద నాలుగు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. ఐదో వారం కూడా నిండినట్టు లేవు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు దాటనిదే పిల్లను అమ్మకూడదు, చిప్ వేయాలి, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర పేరు రాయించుకోవాలి. అంగట్లో ఇవేవీ చర్చకు రాలేదు. చర్చ వేరే ఉంది.

“అన్నా, ఆ సినిమాలో కుక్క ఉండాదే, అదెంతన్నా?”

“ఏ సినిమాది సామీ? శానా ఉండాయి.”

“అదేన్నా, పెద్దది. జొల్లు కారస్తా ఉంటాదే.”

“సెయింట్ బెర్నార్డా! ఆర్డరు మింద తెప్పిస్తాం. ఇంట్లో ఏసీ ఉండాదా?”

“ఒక రూములో ఉండాదన్నా. మా నాయనకి పెట్టించినాం.”

“ఇంగేం, మీ నాయన్ను హాల్లో పండుకోమను.”

నవ్వుకు అన్నాడో, వ్యాపారానికి అన్నాడో తెలీదు. కొనడానికొచ్చినతను మాత్రం నవ్వలేదు, ఆలోచనలో పడ్డాడు.

సెయింట్ బెర్నార్డ్ ఎక్కడిదో ఆ అంగట్లో ఎవరూ అడగరు. స్విట్జర్లాండుకూ ఇటలీకీ మధ్య, ఆల్ప్స్ పర్వతాల్లో, దాదాపు 2,470 మీటర్ల ఎత్తున సన్యాసుల సత్రం ఒకటి ఉంది. తిరుమల కొండ ఎత్తుకు ఇంచుమించు మూడింతలు. మంచులో కూరుకుపోయిన బాటసారుల్ని వాసన పట్టి తవ్వి తీయడానికి ఆ సన్యాసులు పెంచిన జాతి ఇది. 1800 ప్రాంతంలో అక్కడ బారీ అనే కుక్క నలభై మందికి పైగా ప్రాణాలు కాపాడిందని చెప్పుకుంటారు. మెడలో బ్రాందీ పీపా మాత్రం ఒక ఇంగ్లీషు చిత్రకారుడి కల్పన. అదొక్కటీ నిజమై ఉంటే మన జిల్లాలో ఇంటికొకటి పెంచేవాళ్ళు. మంచు కోసం పుట్టిన ఆ బొచ్చును తీసుకొచ్చి, రోడ్డు మీద తారు మెత్తబడే ఊళ్ళో, రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో, వాషింగ్ మెషీన్ పక్కన కట్టేస్తాం. పెరిగితే డెబ్భై, ఎనభై కిలోలు. బీతోవెన్ గారి నలుగురు పిల్లలూ తండ్రీ కలిసి ఒకే ఇంట్లో ఉంటే మూడు వందల యాభై కిలోల కుక్క. సినిమాలో వాటిని సాకే న్యూటన్ గారి సంసారం రోజుకు ఎన్ని సంగటి ముద్దలు కెలకాలో రెండో భాగం తీసినవాళ్ళు చెప్పలేదు. నంజుకోడానికి ఊరుబిండి సంగతి సరేసరి.

పిల్ల పాత్రలకు ఇంకో చిక్కుంది. కుక్కపిల్ల వారాల్లో పెరిగిపోతుంది, షూటింగు నెలల తరబడి సాగుతుంది. అందుకని ఒకే పాత్రకు వరసగా కొత్త కొత్త పిల్లల్ని దించుతారు. తెర మీద నాలుగే, తెర వెనక లెక్కకు మిక్కిలి. ప్రేక్షకుడికి ఈ మార్పిడి కనబడదు. తన ఇంటికొచ్చిన పిల్ల మాత్రం ఆర్నెల్లకు దూడంత అయ్యేసరికి కంగారు పడిపోతాడు. ‘సినిమాలో ఇట్ల పెరగలేదే’ అంటాడు. అవును నాయనా, అక్కడ పెరిగినదాన్ని మార్చేశారు. నీకు ఆ సదుపాయం లేదు.

అది లేదని తెలిశాక మొదలయ్యేదే మూడో భాగం. దీన్ని ఎవరూ తీయరు, ఖర్చు లేకుండా మన ఊళ్ళ అంచుల్లోనే ఆడుతుంటుంది. చీకటి పడ్డాక ఒక కారు ఊరి బయటికి పోతుంది. వెనక తలుపు తెరుస్తారు. కుక్క ఉత్సాహంగా దిగుతుంది, షికారు అనుకుంటుంది. తలుపు పడుతుంది. రెండు రోజులు అది అక్కడే రోడ్డు వారన నిలబడి వచ్చే ప్రతి తెల్ల కారు వెంబడీ పరుగెడుతుంది. మెడకు పట్టీ గుర్తు ఇంకా పోలేదు, బొచ్చులో పల్లేరుకాయలు. బిస్కెట్టు వేస్తే తింటుంది, అన్నం వేస్తే వాసన చూసి యజమాని కోసం అటూ ఇటూ వెతుకుతుంది. అక్కడి నాటు కుక్కలు దాన్ని చుట్టూ చేరి చూస్తాయి. మొదట మొరుగుతాయి, ఆనక విసుగెత్తి వదిలేస్తాయి. ఈ సన్నివేశానికి నేపథ్య సంగీతం ఉండదు. ‘ఈ చిత్రంలో ఏ జంతువునూ హింసించలేదు’ అని మొదట్లో వేసే అట్ట నిజమే. జంతు సంక్షేమ మండలి కాగితం లేనిదే సెన్సారు కదలదు. చిత్రం అయిపోయాక జరిగేదానికి అట్ట ఎవరు వేస్తారు?

నాటు కుక్కకు మాత్రం ఏ భాగంలోనూ వేషం లేదు. మహా అయితే హీరో బండి వెనక మొరిగే గుంపులో ఒకటి. నటన రాదనా? 2019 అక్టోబరు 31న పదమూడు మంది అయ్యప్ప స్వాములు తిరుమల నుంచి శబరిమలకు కాలినడకన బయల్దేరారు. ఒక వీధి కుక్క వెంటబడింది. మొదట వాళ్ళు గమనించనే లేదు. నవంబరు 17 నాటికి కర్ణాటకలో చిక్కమగళూరు జిల్లా కొట్టిగెహార చేరారు. అప్పటికి అది 480 కిలోమీటర్లు నడిచింది. స్వాములు తమకు వండుకున్నదాంట్లోనే దానికీ పెడుతూ వచ్చారు. వార్తా సంస్థ కెమెరా ముందు కాషాయం, నలుపు బట్టల మధ్య మామూలుగా నిలబడింది. శిక్షకుడు లేడు, క్యారవాన్ లేదు, రెండో టేకు లేదు, జత కట్టించాల్సిన మిస్సీ లేదు. ఒక్క నిర్మాత కబురు పెట్టినట్టు నాకైతే వినపడలేదు. అదే హస్కీ నడిచి ఉంటే? పాన్ ఇండియా.

మనకు కుక్క కథలు కొత్తవేం కాదు. జపాన్ హచికో కథను తెచ్చి 2015లో రాజేంద్రప్రసాద్‌తో ‘టామి’ తీశారు. చనిపోయిన యజమాని కోసం రైల్వే స్టేషన్లో ఎదురుచూసే కుక్క. బాగానే ఏడిపించింది, త్వరగానే మర్చిపోయారు. అంతకు మునుపు 1979లో ‘కుక్క కాటుకు చెప్పు దెబ్బ’ అని పేరు పెట్టి సినిమా తీసిన వాళ్ళం మనం. కుక్క పట్ల మన అసలు వైఖరి ఆ టైటిల్లోనే ఉంది, మిగిలినదంతా పబ్లిసిటీ. శునకాన్ని సింహాసనం ఎక్కిస్తే ఏమవుతుందో బద్దెన ఎప్పుడో హెచ్చరించాడు. నిర్మాతలు వినిపించుకోలేదు, ఎక్కించి టికెట్టు పెట్టారు.

ఇక్కడ కొందరు కస్సుమంటారు. వీధి కుక్కలు పిల్లల్ని పీక్కుతింటుంటే నువ్వు వాటికి వకాల్తా పుచ్చుకుంటావా అని. భయం అబద్ధం కాదు. రేబిస్ వచ్చాక మందు లేదు, కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో కడిగి సూది వేయించుకోవడమే దారి. బడికి పోయే పిల్ల గుంపు కుక్కల్ని చూసి గోడకు అతుక్కుపోతే, దాన్ని చూసి నవ్వేవాడు మనిషి కాడు. సుప్రీంకోర్టు కూడా తల పట్టుకుంది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్నారు. అదే నెల 22న పెద్ద ధర్మాసనం దాన్ని సవరించింది. ఆపరేషన్ చేసి, టీకా వేసి, రేబిస్ ఉన్నవాటినీ మీదికి ఎగబడేవాటినీ తప్ప మిగతావాటిని పట్టిన చోటే వదలమంది. నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి తీసేయమన్నారు. అక్కడా సీక్వెల్సే. నా గొడవ న్యాయస్థానంతో కాదు. వీధిలో కుక్కలు ఎక్కువయ్యాయని అర్జీ పెట్టిన ఇంట్లోనే, మేడ మీద ఆపరేషన్ చేయించని లాబ్ రెండో ఈత ఈనుతోంది. ఆడపిల్లలకు గిరాకీ లేదట. అవి ఎక్కడికి పోతాయో మీరే ఊహించుకోండి. ఒక చేత్తో కుళాయి తిప్పుతూ రెండో చేత్తో నీళ్ళు తోడిపొయ్యడం ఇదే.

సీక్వెల్ అంటే ఏమిటో ఎవరైనా నేర్చుకోవాలంటే హాలీవుడ్ దాకా పోనక్కర్లేదు, మన భారతం చాలు. అది కుక్కతో దాదాపు మొదలై కుక్కతో దాదాపు ముగుస్తుంది. చివర్లో స్వర్గ ద్వారం దగ్గర ధర్మరాజు కుక్కను వదిలి లోపలికి రానని మొండికేస్తాడు. అందరికీ తెలిసిన సీను. ఆ కుక్క యమధర్మరాజని తేలడం అద్భుతమైన మలుపు. నాకు మాత్రం అంతకంటే ఆదిపర్వంలో మొదటి కుక్క ఎక్కువ ఇష్టం. జనమేజయుడు యాగం చేస్తుంటాడు. ఒక కుక్కపిల్ల అక్కడికి వస్తుంది. రాజుగారి తమ్ముళ్ళు దాన్ని కొడతారు. అది హవిస్సు ముట్టలేదు, కన్నెత్తి చూడలేదు. ఏడ్చుకుంటూ తల్లి దగ్గరికి పోతుంది. తల్లి సరమ, దేవతల కుక్క, నేరుగా యాగశాలకు వచ్చి, నా బిడ్డ ఏ తప్పు చేసిందని కొట్టారని రాజును నిలదీస్తుంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. అయితే మీకు కనబడని భయం ముంచుకొస్తుందని శపించి పోతుంది. చక్రవర్తి హడలిపోతాడు. రాజ్యం, సైన్యం, యాగం అన్నీ ఉన్నవాడు ఒక ఆడకుక్క ప్రశ్నకు నిద్ర మానుకుని, శాంతి చేయించే పురోహితుడి కోసం వెతుక్కుంటూ పోయాడు. ఇందులో ముద్దు లేదు, చొంగ లేదు, విరామం ముందు పాట లేదు.

ఆ సరమ ఇప్పుడు వస్తే ఎక్కడికి పోవాలి? సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడికే పంపుతారు. పిల్లను నోట కరుచుకుని వరసలో నిలబడుతుంది. ముందు పింఛను అవ్వ, వెనక పాసుపుస్తకం రైతు. తన వంతు వస్తుంది. బల్ల వెనకాయన తలెత్తకుండా కాగితం ముందుకు లాక్కుంటాడు.

“ఏమ్మా, ఏం సమస్య?”

“నా బిడ్డను ఊరికే కొట్టినారయ్యా.”

“కరిసిందా?”

“లేదు.”

“ఏమన్నా తినిందా?”

“ముట్టనే లేదు.”

“అట్లయితే అది సమస్య కిందికి రాదే. సరే, రాసుకుంటా. బ్రీడు ఏంది?”

“దేవతల కుక్కనయ్యా నేను. ఇంద్రుడి ఇంట్లో...”

“ఆ బ్రీడు లిస్టులో లేదమ్మా. నాటు అని రాసేస్తా ఉండా. ఆ పక్క గదిలో ఆపరేషన్‌కు పేరు ఇచ్చిపో.”